అమ్మాయిలకు ఒక వాక్యం, అబ్బాయిలకు ఒక వాక్యం

మా బడి పక్కన రోడ్డు మీద నడిచి వెళ్ళే వాళ్ళందరికీ మా పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో తెలిసేది. లోపల పాఠం చెప్పే మాకు మాత్రం తెలిసేది కాదు.

ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య, ద్రాక్ష తోటలు అయిపోయి ఫ్యాక్టరీ గోడలు మొదలయ్యే చోట ఉండేది ఆ బడి. పేరు చెప్పను. చెబితే అందులో పాసై పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారు, తప్పినవాళ్ళు సంతోషిస్తారు. రెండూ నాకు అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో అక్కడ సోషల్ స్టడీస్ టీచరుగా చేరాను. యాభై అయిదు నిండాయని ఈమధ్యే మెడలో దండ వేసి, చేతిలో ఒక గోడ గడియారం పెట్టి పంపించారు. టైము చూసుకోవలసిన అవసరం తీరిన రోజునే గడియారం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో తెలియదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, పబ్లిక్ పరీక్షకు పిల్లలను ఎట్లా తయారు చేయాలో చెప్పమని అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ నేను నోటితో చెప్పడం, వాళ్ళు తల ఊపడం, వెళ్ళి మళ్ళీ పాత పద్ధతిలోనే చేయడం జరుగుతోంది. అందుకని రాస్తున్నాను. ఇందులో నా ఇంక్రిమెంట్లు, బదిలీలు ఉండవు. ఒక హెడ్మాస్టరు, ఒక పిల్ల, ఆ పిల్ల తండ్రి ఉంటారు. నాకు తెలిసిన విద్యాశాస్త్రం అంతా వాళ్ళ ముగ్గురితో పోట్లాడి నేర్చుకున్నదే.

వినబడితేనే చదువు

ఆ రోజుల్లో మా వైపు చదువును చెవితో కొలిచేవారు. గట్టిగా చదివితే చదువుతున్నట్టు. మెల్లగా చదివితే బద్ధకిస్తున్నట్టు. నోరు కదపకుండా పుస్తకం చూస్తే నిద్రపోతున్నట్టు. వంటింట్లో ఉన్న తల్లికీ వాకిట్లో ఉన్న తండ్రికీ వినిపించాలి. పక్కింటికి కూడా వినిపిస్తే ఇంకా మంచిది, ఆ ఇంటి పిల్లలకు ఆ పూట తన్నులు పడతాయి.

మా హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఎండలో గొడుగు వేసుకుని ఇంటింటికీ తిరిగి, పొలం పనుల్లో ఉన్న పిల్లలను బడికి లాక్కొచ్చాడు. ఆడపిల్లను పంపనన్న తండ్రుల అరుగుల మీద కూర్చుని, పంపుతానన్నదాకా లేవలేదు. ఆ బడి నిలబడిందంటే ఆయన వల్లే. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఇక మీదట ఆయన గురించి మంచిమాట రాయడానికి నాకు సందు దొరకదు.

పొద్దున ప్రార్థన అయిన దగ్గర నుంచి మొదటి గంట కొట్టేదాకా ఆఖరి తరగతి వాళ్ళందరినీ వరండాలో కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయించేవాడు. అందరూ ఒకేసారి అరిస్తే గొంతులు పోతున్నాయని ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. అమ్మాయిలు ఒక వాక్యం చెప్పాలి, అబ్బాయిలు తర్వాతి వాక్యం చెప్పాలి.

"వర్షాలు అన్ని కాలములందు కురియవు" అని అమ్మాయిలు.

"అందువలన నదులపై ఆనకట్టలు అవసరమైనవి" అని అబ్బాయిలు.

"ఆనకట్టల వలన నీరు నిలువ యుండును" అని అమ్మాయిలు.

"అందువలన రెండు పంటలు పండును" అని అబ్బాయిలు.

వినడానికి ఎంత బాగుండేదంటే, తనిఖీకి వచ్చిన ఒక అధికారి జీపు దిగకుండానే మెచ్చుకుని వెళ్ళాడు. దిగి ఒక్క పిల్లవాణ్ణి లేపి అడిగి ఉంటే నాకు ఈ రాత తప్పేది.

నేను ఒకసారి స్టాఫ్ రూములో అన్నాను, "సార్, పరీక్ష రాసేది చేత్తో. మనం నోటికి తర్ఫీదు ఇస్తున్నాం."

"అమ్మా, నోటికొచ్చింది చేతికి రాకుండా ఎక్కడికి పోతుందండీ?"

"దారిలో ఎక్కడన్నా దిగిపోతుందేమో సార్."

మిగతా టీచర్లు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. పెద్దసారు నవ్వి, మర్నాటి నుంచి వల్లె వేయించే సమయం ఇంకాస్త పెంచాడు. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ అంతే. వాదించడం నాకు అలవాటు, గెలవడం ఆయనకు అలవాటు.

అబ్బాయిల వాక్యాలు

అమ్మాయిల వరసకు నాయకురాలు రూతమ్మ. నాచారంలో చర్చి వెనక ఇళ్ళలో ఉండేది. తండ్రి ఏసోబు మౌలాలి వైపు రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. భువనగిరి అవతల ఏదో పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. ఆ ఇంట్లో ఆఖరి తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి రూతమ్మే. చర్చిలో కీర్తన ఎత్తుకునేది కూడా ఆ పిల్లే. ఆ గొంతు మా వరండాలో లేస్తే నాచారం చెరువు దాకా వినిపించేది. నర్సు కావాలని ఆమె కోరిక. పరీక్ష పాసైతే ట్రైనింగులో చేర్చుకుంటామని సికింద్రాబాదులో ఒక మిషను దవాఖానా వాళ్ళు మాట కూడా ఇచ్చారు.

ఫలితాలు వచ్చాయి. రూతమ్మ సోషల్‌లో తప్పింది.

మర్నాడు ఏసోబు డ్యూటీ బట్టలతోనే బడికి వచ్చాడు. నా ముందు నిలబడి, "దినాం గంత గట్టిగ సదివింది గద టీచరమ్మా. పేపరు దిద్దినోళ్ళకు ఇనబడలేదా ఏంది?" అన్నాడు.

ఎగతాళి అనుకుని నేను కూడా ఏదో అనబోయాను. ఆయన ముఖం చూస్తే నిజంగానే అడుగుతున్నాడని తెలిసింది.

"సెప్టెంబర్ల ఇంకోపారి రాస్తది. దవాఖానోళ్ళు గూడ అప్పటిదాంక ఆగుతమన్నరు. గప్పుడు గూడ పోతె ఇగ నాతోని కాదు. నాచారంల కొత్త ఫ్యాక్టరీల ప్యాకింగుకు ఆడపిల్లలను తీస్కుంటున్నరు. ఆడ ఏస్త."

కోపంగా చెప్పలేదు. అంతకంటే ఏం చేయగలనని చెప్పాడు.

ఆ సాయంత్రమే రూతమ్మను ఉప్పల్‌లో మా ఇంటికి రమ్మన్నాను. వాకిట్లో చాప వేసి, ఆనకట్టల ప్రశ్న ఇచ్చి, రాయమన్నాను. కలం పట్టుకుంది. పెదవులు కదలడం మొదలైంది.

"నోరు మూస్కొని రాయి" అన్నాను.

"నోరు మూస్తె దిమాగ్ గూడ మూస్కుంటది టీచర్."

"పరీక్ష హాల్లో ఏం చేసినవ్ మరి?"

"గదే టీచర్. మెల్లగ అనుకుంట రాస్తున్న. హాల్ల తిరిగే సారొచ్చి, ఎవలికి చెప్తున్నవ్ అన్నడు. ఎవలికి చెప్తలేను సార్, నాకే చెప్పుకుంటున్న అన్న. ఇంకోపారి పెదవి కదిలిస్తె పేపరు గుంజుకుంట అన్నడు. కొంగు నోట్ల కుక్కుకున్న. ఇగ ఒక్క ముక్క యాదికి రాలె."

సరే, ఇప్పుడు పెదవులు కదుపుకుంటూనే రాయమన్నాను. గబగబా రాసి ఇచ్చింది. వర్షాలు అన్ని కాలములందు కురియవు. ఆనకట్టల వలన నీరు నిలువ యుండును. నీరు ఎత్తు నుండి పడుటచే విద్యుత్తు పుట్టును. అంతే. ఆ వాక్యాల మధ్య ఉండవలసినవి ఒక్కటీ లేవు.

"మధ్యల వాక్యాలు ఏవి?" అన్నాను.

"అవి అబ్బాయిలయి టీచర్."

నేను నవ్వలేదు. మర్నాడు బడిలో బీరువా తీసి అబ్బాయిల పాత పరీక్ష పేపర్లు ముందేసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఖాళీలు మరుపు అనుకుని దిద్దుతున్నాం అందరం. వరసగా చూస్తే కనిపించింది. ఒక్కొక్క జవాబూ "అందువలన" అని మొదలవుతోంది. అందువలన నదులపై ఆనకట్టలు అవసరమైనవి. ఎందువలన? అది అమ్మాయిలను అడగాలి. మా బడిలో కారణాలు ఒక పక్క, ఫలితాలు ఒక పక్క కూర్చునేవి. రెండింటికీ పరీక్ష హాల్లో వేరే వేరే బెంచీలు.

మరి కొందరు పాసయ్యారు కదా, ఎట్లా అని మీరు అడుగుతారు. నేనూ వాళ్ళను పిలిచి అడిగాను. వాళ్ళు వెనక వరసలో కూర్చుని పెదవులు మాత్రం ఆడిస్తూ, శబ్దం చేసే పని ముందువాళ్ళకు వదిలేసి, ఒళ్ళో పుస్తకం చూసుకున్న బద్ధకస్తులు. వాళ్ళు రెండు వాక్యాలూ చదివారు.

పేపర్లు తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నిజమేనమ్మా. దీనికి మందు సులభం. రోజు మార్చి రోజు వాక్యాలు మారుద్దాం. సోమవారం అమ్మాయిలు మొదలెడతారు, మంగళవారం అబ్బాయిలు."

ఇది నేను కల్పించింది కాదు, అమలైంది. ఆ తర్వాత ప్రతి పొద్దున, ఇవ్వాళ మొదటి వాక్యం ఎవరిదన్న తగువుతోనే వరండా మార్మోగేది. రోడ్డు మీద వాళ్ళు మెచ్చుకుంటూనే ఉన్నారు.

చదువు, మూయి, రాయి

రూతమ్మకు నేను పెట్టిన పని మూడు మాటలు. చదువు, మూయి, రాయి. పాఠంలో ఒక భాగం నోరు కదపకుండా చదవాలి. పుస్తకం మూయాలి. గుర్తున్నది గుర్తున్నట్టు కాగితం మీద పెట్టాలి. తర్వాత పుస్తకం తెరిచి ఏది రాయలేదో చూడాలి.

ఇందులో పిల్లలకు కష్టమైనది మూయడం. తెరిచిన పుస్తకం ముందు ప్రతివాడూ పండితుడే. ఏ వాక్యం చూసినా తెలిసినట్టే ఉంటుంది. మూసిన తర్వాత తెలుస్తుంది, ఆ తెలివి పుస్తకానిది, మనది కాదని. అందుకే ఎవరూ మూయరు.

మొదట్లో రూతమ్మ రెండు ముక్కలు రాసి గోడ వైపు చూసేది. చేయి పుస్తకం మీదికి పోయేది. నేను ఆ చేతి మీద ఒక్కటి వేసేదాన్ని. "ఇంకొంచెం వెతుకు. దొరకకపోతే అప్పుడు తెరువ్." తెరిచాక మళ్ళీ మొదటి నుంచి చదవబోయేది. అదీ కుదరదనేదాన్ని. వచ్చింది మళ్ళీ చదవడం హాయిగా ఉంటుంది, కానీ అది చదువు కాదు, రాజు తన కోటలో తాను పచార్లు చేయడం. రానిదే చదవాలి.

మర్నాడు వచ్చి చాప మీద కూర్చుంటూనే, పుస్తకం తెరవకుండా నిన్నటి పాఠం రాయాలి. సగం పోయేది. ఆ పిల్లకు ఏడుపు వచ్చేది.

"నిన్న మంచిగొచ్చింది టీచర్. ఇయ్యాల లేదు. నా తలకాయల జల్లెడ పెట్టిండా దేవుడు?"

"అందరికీ జల్లెడే పెట్టిండు. పోయినదాన్ని నువ్వే ఎతికి పట్టుకొస్తే ఉంటది. నేను తెచ్చిస్తే ఉండదు."

కొత్తగా చేరే టీచర్లు ఇక్కడే పొరపడతారు. పిల్ల మరిచిపోగానే మళ్ళీ పాఠం చెప్పేస్తారు. చెప్పకండి. మరుపు చూసి మీరు కంగారు పడితే పిల్ల ఇంకా కంగారు పడుతుంది. రెండు రోజులు ఆగి అడగండి, తర్వాత వారం ఆగి అడగండి. ఒకే రోజు కూర్చుని దంచింది ఆ రోజుకే పనికొస్తుంది.

ఇంకొకటి. మా పిల్లల పుస్తకాలన్నీ మొదటి పాఠం దగ్గర నలిగి నల్లబడి ఉండేవి, ఆఖరి పాఠాల దగ్గర అంగడిలో కొన్నంత కొత్తగా ఉండేవి. ప్రతి పండుగ తర్వాత, ప్రతి జ్వరం తర్వాత చదువు మళ్ళీ మొదటి పాఠం నుంచే మొదలుపెడతారు కనుక. రూతమ్మ చేత నేను పుస్తకం నడుమ నుంచి మొదలుపెట్టించాను. ఒక పూట నదులు, ఆ వెంటనే ఏదో యుద్ధం, ఆ వెంటనే పంచాయతీ. వరస లేకుండా. పరీక్ష పేపరు మన వరసలో రాదు.

ఆనకట్టల పాఠం మళ్ళీ వచ్చినప్పుడు ప్రతి "అందువలన" ముందు ఎందువలనో తన మాటల్లో రాయమన్నాను. రూతమ్మ కలం కింద పెట్టి, "టీచర్, రెండు పంటలు పండితె మేం పల్లె ఎందుకు ఇడిసిపెట్టి వచ్చినం?" అంది.

"మీ ఊరికి కాలువ వచ్చిందా?"

"లేదు. అయిదారు కోసుల అవతలికెల్లి పోయింది."

"మరి ఎన్ని పంటలు పండినయ్?"

"వానొస్తె ఒకటి. రాకపోతె మా నాయిన పట్టాల పనికొచ్చిండు."

"అది రాయి."

రాసింది. పెదవులు కదలలేదు. అప్పటిదాకా ఆ పాఠం ఆమెకు సగం పాట. ఆ పూట నుంచి అది వాళ్ళ ఊరి సంగతి.

ఏసోబు తనిఖీ

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఏసోబు తెల్ల చొక్కాతో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, మా పిల్లకు ఏం జేసిన్రు?"

"నేనేం చేసిన?"

"ఇంట్ల సప్పుడు లేదు. పుస్తకం మూసి ముందట పెట్టుకుంటది. గోడ దిక్కు చూస్తది. కాయితం మీద ఏదో గెలుకుతది. మా ఆమె పరేశానై పాస్టరయ్యను పిలిచి ప్రార్థన గూడ చేయించింది."

"గోడ చూస్తలేదు ఏసోబూ, యాది చేస్కుంటున్నది."

"అది నాకెట్ల తెలువాలె?" అన్నాడు. "సప్పుడొస్తె సదువుతున్నదని తెలుస్తుండె. నేను పట్టాల మీద అలిసొచ్చి పండితె, ఆ సప్పుడుకు నిద్ర పడుతుండె. ఇప్పుడు సప్పుడు లేదు, నాకు నిద్ర లేదు. సెప్టెంబరు వస్తున్నది."

"నువ్వు పట్టాల కాడ పని చేసేటప్పుడు అరుస్తవా?"

"నేనెందుకరుస్త. రైలరుస్తది. అరవకుంట వచ్చిందనుకో, మేం ఎంతమందిమి ఉందుమో."

వాదనలో నాకు సాటివాడు దొరికాడు. పెద్దసారుతో ఎన్ని వాదించినా తోచని సంగతి ఆ మాటతో తోచింది. తండ్రికి బడి చదువు లేదు. బిడ్డ చదువుతోందో లేదో తెలుసుకోవడానికి ఆయన దగ్గరున్న సాధనం చెవి ఒక్కటే. నేను దాన్ని తీసేసుకుని బదులేమీ ఇవ్వలేదు.

"నీకు అక్షరాలు వస్తయా?" అన్నాను.

"బైబిలు సదువుత. ఏలు పెట్టి మెల్లగ సదువుత."

"అయితే పుస్తకం నువ్వు పట్టుకో. ఎక్కడన్న తెరువ్, మొదటి పాఠం మాత్రం వద్దు. అండ్ల ఉన్న ప్రశ్న అడుగు. ఆమె చూడకుండ రాస్తది. రాసింది నీకు చెప్పమను. నీకు సమజయ్యేదాంక ఇడిసిపెట్టకు."

"నాకు సమజ్ కాకపోతె?"

"నీకు సమజ్ కాలేదంటే ఆమెకు రాలేదన్నట్టు."

ఏసోబు ఆలోచించాడు. "గట్లయితె నేను గూడ పరీక్ష రాసినట్టేనాయె" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ వారంలోనే రూతమ్మ మొత్తుకుంటూ వచ్చింది. "టీచర్, మా నాయినతోని అయితలేదు. ప్లాసీ యుద్ధం ఎందుకైందో చెప్పుమంటడు. చెప్పినంక, నవాబు పక్కనున్నోడే ఎందుకు మోసం జేసిండు అంటడు. కుర్చీ ఆశకు నాయినా అంటె, కుర్చీ దక్కిందా అంటడు. దక్కినంక ఏమైంది అంటడు. పుస్తకంల గంతే ఉంది అంటె, మరి గిన్ని రోజులు ఏం సదివినవ్ అంటడు."

"ఏం చేసినవ్?"

"ఎనుకకు పోయి మళ్ళ సదివిన. ఉన్నది టీచర్, ఇంకో పాఠంల ఉన్నది."

అంతకంటే మంచి పరీక్షాధికారిని నేను ఏ శాఖలోనూ చూడలేదు. జాలి ఉండదు, వరస ఉండదు, సిలబసు ఎంతో తెలియదు.

నేను చూసిన కొన్ని వింతలు

రూతమ్మ కథ నడుస్తున్నప్పుడు మిగతా పిల్లలు కూడా చదువుతూనే ఉన్నారు. వాళ్ళ పద్ధతులూ కొన్ని చెప్పాలి, మీకు ఎదురవుతాయి.

టైంటేబుల్ వేసుకునేవాళ్ళు ఒక జాతి. ఒక పిల్లవాడు రంగు పెన్సిళ్ళతో ఎంత అందమైన టైంటేబుల్ వేశాడంటే, వాళ్ళ నాన్న దాన్ని చుట్టాలకు చూపించేవాడు. అది పూర్తయ్యేసరికి అందులో రాసిన మొదటి వారం అయిపోయింది. దాంతో ఇంకొకటి మొదలుపెట్టాడు. ఆ ఏడు అతను డ్రాయింగులో బాగా రాణించాడు.

ఎర్ర పెన్సిలు వాళ్ళు ఇంకో జాతి. ముఖ్యమైన వాక్యం కింద గీత గీస్తారు. పుస్తకం ముందుకు సాగేకొద్దీ అన్నీ ముఖ్యమే అవుతాయి. చివరకు గీత లేని వాక్యం కనిపిస్తే ఇదేదో పరీక్షలో వచ్చేటట్టుందని భయపడతారు. గీయడానికి తెలివి అక్కర్లేదు, పెన్సిలు చాలు.

ముఖ్యమైన ప్రశ్నలు సంపాదించేవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ప్రతి ఏడూ పేపరు తయారుచేసినాయన బావమరిది ఎవరికో చెప్పాడని ఒక కాగితం మల్కాజిగిరి నుంచి వస్తుంది. ఆ బావమరుదులందరూ ఒకచోట చేరితే మల్కాజిగిరి స్టేషనులో రైలు దిగడానికి చోటుండదు. వాళ్ళిచ్చిన ప్రశ్నలు చదివినవాడు హాల్లో పేపరు చూసి, ప్రశ్నలు తప్పు వచ్చాయంటాడు.

ఒకడు కీసరగుట్టకూ మౌలాలి దర్గాకూ చర్చికీ కూడా మొక్కుకున్నాడు. మొక్కుకోండి, తప్పులేదు. కానీ ముగ్గురికి అప్పగించిన పని మా స్టాఫ్ రూములోనే ఎప్పుడూ కాలేదు.

నిద్ర మానేసి చదివి, హాల్లో నిద్రపోయినవాళ్ళను నేనే లేపాను. గేటు దగ్గర నిలబడి గంట కొట్టేదాకా పేజీలు తిప్పేవాళ్ళను చూస్తే నాకు జాలి. అప్పుడు కొత్తది ఎక్కదు, పాతది కలత పడుతుంది. దానికి బదులు పాత పేపర్లు తెచ్చుకుని, గడియారం ముందు పెట్టుకుని, హాల్లో కూర్చున్నట్టే కూర్చుని రాయాలి. ప్రశ్న రెండుసార్లు చదవాలి. మా పిల్లల్లో సగం మంది అడగని ప్రశ్నకు అద్భుతమైన జవాబు రాసి వచ్చేవారు.

టి.సి.

సెప్టెంబరు పరీక్ష రోజున రూతమ్మ వెంట ఏసోబు సెలవు పెట్టి వెళ్ళాడు. బయటికి వచ్చాక ఆ పిల్ల చెప్పింది ఒక్కటే, "ఈపారి ఎవలేం అనలేదు టీచర్. అసలు నన్ను ఎవలూ చూడనే లేదు."

పేపర్లో నంబరు వచ్చింది. పాసైంది. మార్కులు గొప్పవేం కావు. మా రంగు పెన్సిళ్ళ అబ్బాయికి అంతకంటే ఎక్కువే వచ్చాయి, అతను లెక్కల్లో పోయాడు కానీ. దవాఖానా వాళ్ళు టి.సి., కాండక్టు సర్టిఫికెట్టు తీసుకుని వచ్చే సోమవారంలోగా రావాలని, రాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తామని కబురు పంపారు.

కాగితాలు తయారయ్యాయి, సంతకం పెట్టలేదు. నేను పెద్దసారు గదికి వెళ్ళాను.

"సోమవారం పొద్దున అసెంబ్లీలో నాలుగు మాటలు చెప్పి తీసుకెళ్ళమనండమ్మా" అన్నాడు. "తప్పిన పిల్ల పాసవడం చిన్న విషయమా. మన వరండా చదువు ఆమెకు ఎలా పనికొచ్చిందో మిగతా పిల్లలు వినాలి."

"సార్, టి.సి. ఇవ్వడం మీరిచ్చే బహుమతి కాదు. అది ఆ పిల్ల హక్కు."

"హక్కే. అందుకేగా అందరి ముందూ ఇస్తానంటున్నాను."

"పనికొచ్చింది వరండా కాదని మీకు తెలుసు."

ఆయన నొచ్చుకున్నాడు. "పునాది ఎవరు వేశారమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. కానీ ఆ పిల్లను ఇల్లు దాటించి బడికి తెచ్చింది ఆయన గొడుగే. అక్కడ ఆగిపోయాను.

ఆ సాయంత్రం రూతమ్మ, "ఏం చెప్పాలె టీచర్?" అని అడిగింది.

"ఆయన చెప్పుమన్నది చెప్పి కాయితాలు తీస్కొని పో. ఆయనతోని కొట్లాడనీకి నేనున్న, నాకు వేరే పనేముంది. నీకు దవాఖాన ఉన్నది."



సోమవారం ప్రార్థన అయింది. ఏసోబు గేటు బయట రోడ్డు మీద ఇనుప పెట్టె దించుకుని నిలబడ్డాడు, అటునుంచి అటే సికింద్రాబాదు పోవాలని. పెద్దసారు మెట్ల మీద నిలబడి, గొంతు విప్పి చదవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. టి.సి. ఆయన చేతిలోనే ఉంది, సంతకం పెట్టి. రూతమ్మను పైకి పిలిచాడు.

"మొదటిసారి తప్పి, రెండోసారి ఎలా పాసయ్యావో పిల్లలందరికీ చెప్పమ్మా. గట్టిగా చెప్పు. ఎలా చదివావు?"

రూతమ్మ పిల్లల వైపు తిరిగింది. చేతులు కట్టుకుంది. నోరు విప్పలేదు.

మొదట అందరూ గొంతు సవరించుకుంటోందనుకున్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత వాళ్ళూ ఆగారు. మా బడి ఆవరణలో పక్షుల అరుపులు వినిపిస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. దూరంగా ఫ్యాక్టరీలో ఏదో మిషను ఆడుతున్న చప్పుడు వచ్చింది. పిల్లలు కాళ్ళు మార్చుకున్నారు. డ్రిల్లు సారు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఆ పిల్ల భయపడిందా, మరిచిపోయిందా, చేతికొచ్చిన సీటు పోగొట్టుకుంటోందా, నాకు తోచలేదు.

"చెప్పమ్మా" అన్నాడు పెద్దసారు, మెల్లగా. "భయపడకు. ఎలా చదివావు?"

"గిట్లనే సార్" అంది రూతమ్మ. "గిట్లనే సదివిన."

పెద్దసారు ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. ఆయన మానుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. కాగితాలు ఆమె చేతిలో పెట్టి, తల మీద చేయి వేశాడు. రూతమ్మ ఆయనకు వంగి దండం పెట్టి, నాకు పెట్టి, మెట్లు దిగి గేటు వైపు నడిచింది.

రోడ్డు మీద ఏసోబు బస్సు ఆపేశాడు. పెట్టె లోపల వేశాడు, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాడు, ఒక కాలు నేల మీద ఉంచాడు, కండక్టరు తోస్తున్నా కదలడం లేదు.

"జల్ది రా బిడ్డా" అని అరిచాడు. "వీడు లొల్లి జేస్తుండు."

అప్పుడు పరుగెత్తింది.